ట్రైకార్డర్ కల – అసలు వారసులు, దొంగ వారసులు

ఒకే వేసవిలో నేను రెండు యంత్రాలు చేతితో పట్టుకుని చూశాను. ఒకటి మా ఇంట్లో, హైదరాబాదులో, భోజనాల బల్ల మీద మా మనవడు తయారుచేసింది. రెండోది అనంతపురం జిల్లాలో మా తోడల్లుడి పొలంలో నీళ్ళు వెతకడానికి వచ్చిన ఒకాయన తెచ్చింది. రెండూ అరచేతిలో పట్టేవే. రెండూ కంటికి కనిపించని దాన్ని చెబుతామనేవే. మనవడి డబ్బాకి అయిన ఖర్చు రెండు వేల మూడు వందల చిల్లర. ఆయన యంత్రం ఖరీదు లక్షన్నర అని ఆయనే చెప్పాడు. ఏది నిజమైన పరికరమో చూపుతో తేల్చమంటే మా బంధువుల్లో పదికి తొమ్మిది మంది లక్షన్నర దానికే ఓటు వేస్తారు. మెరిసే పిడి, పొడుగాటి యాంటెన్నా, తోలు పెట్టె. మావాడిది టిఫిను డబ్బాలో ఇరికించిన వైర్ల చిక్కు.

ఈ రెండింటికీ పూర్వీకుడు ఒకడున్నాడు. ముందు ఆయన సంగతి చెప్పుకుందాం.

1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్.బి.సి. టెలివిజన్‌లో 'స్టార్ ట్రెక్' అనే సీరియల్ మొదలైంది. 1980లలో మన దూరదర్శన్‌లో ఆదివారం పూట వచ్చేది. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అందులో స్పాక్ అనే పొడుగు చెవుల శాస్త్రవేత్త భుజానికి తోలుపట్టీతో ఒక నల్లపెట్టె వేలాడేసుకుని కొత్త గ్రహం మీద దిగుతాడు. పెట్టె మూత తెరిచి, "గాలి పీల్చవచ్చు, అటువైపు ప్రాణులున్నాయి" అని చెబుతాడు. దాని పేరు ట్రైకార్డర్. మూడు పనులు చేసే రికార్డర్ అని అర్థం. ఆ పెట్టెను తయారుచేసినవాడు వా చాంగ్ అనే కళాకారుడు. లోపల యంత్రమేమీ లేదు. ఓడలోని డాక్టరు చేతిలో మెరిసే పరికరాలు కొన్ని అసలు ఉప్పు డబ్బీలు! ఏదో ఘట్టంలో భోజనబల్ల మీద పెట్టడానికి కొత్తరకం ఉప్పు డబ్బీలు కొన్నారట. చూసేవాళ్ళకి అవి ఉప్పు డబ్బీలని తెలియదేమోనని వాటిని డాక్టరుకి ఇచ్చేశారు.

నాటకంలో ఇది తప్పు కాదు. అది నాటకమని చూసేవాడికి తెలుసు. చిక్కంతా ఉప్పు డబ్బీ నాటకం దాటి బజారులోకి వచ్చినప్పుడే.

ముందు నిజాయితీగా ప్రయత్నించిన వాళ్ళను చూద్దాం. 1996లో కెనడాకు చెందిన వైటల్ టెక్నాలజీస్ అనే కంపెనీ టీఆర్-107 అనే చేతి పరికరాన్ని ట్రైకార్డర్ పేరుతోనే అమ్మింది. ఉష్ణోగ్రత, గాలి పీడనం, కాంతి, విద్యుదయస్కాంత క్షేత్రం – ఇవి కొలిచేది. పదివేలు మాత్రమే చేస్తామని ప్రకటించింది. తర్వాత కంపెనీ మూతపడింది. అది గొప్ప యంత్రం కాదు గానీ, కొలుస్తానన్నది కొలిచేది.

తర్వాత 2007లో కెనడాలోనే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న పీటర్ జాన్సెన్ అనే యువకుడు ఈ పని చేపట్టాడు. గాలి ఉష్ణోగ్రత, తేమ, పీడనం; అయస్కాంత క్షేత్రం, వెలుగు, రంగు, దూరంలో ఉన్న వస్తువు వేడి; శబ్దతరంగాలతో దూరం, కదలిక, జీపీఎస్ – ఇన్ని సెన్సర్లను ఒక చేతి పెట్టెలో పెట్టాడు. తర్వాత ఇంకా మంచి నమూనా చేశాడు. నాకు నచ్చిన విషయం వేరే ఉంది. 2012 నాటికి సర్క్యూట్ బొమ్మలు, ప్రోగ్రాము అన్నీ అందరికీ విప్పి పెట్టాడు. ఎవడైనా చూసుకోవచ్చు, చేసుకోవచ్చు, తప్పు పట్టవచ్చు.

అదే 2012లో క్వాల్‌కామ్ సొమ్ముతో ఎక్స్‌ప్రైజ్ సంస్థ కోటి డాలర్ల పోటీ పెట్టింది. అయిదు పౌన్ల లోపు బరువుండాలి. డాక్టరు లేకుండా ఇంట్లో మామూలు మనిషి వాడుకుని 13 ఆరోగ్యస్థితుల్ని గుర్తించగలగాలి, అయిదు ప్రాణసూచికల్ని కొలవగలగాలి. మూడొందలకు పైగా జట్లు పేర్లిచ్చాయి. 2017 ఏప్రిల్‌లో ఫలితం చెప్పారు. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన హారిస్ సోదరుల జట్టుకి 26 లక్షల డాలర్లు, తైవాన్ జట్టుకి 10 లక్షలు. పూర్తి బహుమతి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటే పెట్టిన షరతులన్నిటినీ ఎవరూ పూర్తిగా అందుకోలేకపోయారు. డబ్బు చేతిలో పెట్టుకుని కూడా "ఇంకా రాలేదు" అని ఒప్పుకున్నారు చూడండి, దాన్నే నేను పరీక్ష అంటాను.

ఇక మా ఇంటి డబ్బా సంగతి. మావాడు తొమ్మిదో తరగతి. కోఠీ గుజరాతీ గల్లీలో రెండు శనివారాలు తిరిగి ఆర్డ్యునో బోర్డు, పీడనం కొలిచే సెన్సరు, శబ్దంతో దూరం కొలిచేది, అయస్కాంత క్షేత్రం కొలిచేది, పరారుణ కిరణాలతో వేడి చూసేది కొన్నాం. నేను బీకాం వాణ్ణి. నాకు సోల్డరింగు రాదు. నా పని లెక్క రాయడం.

మొదటి రోజే గొడవ. మా డబ్బా గాలి పీడనం 950 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కల చూపిస్తోంది. వాతావరణ శాఖ లెక్క 1010 దగ్గర ఉంది. "సెన్సరు పాడైంది తాతయ్యా, దుకాణంలో మార్పించుకొద్దాం" అన్నాడు. నేను ఆగమన్నాను. బ్యాంకు పాస్‌బుక్కుకీ మన క్యాష్‌బుక్కుకీ తేడా వస్తే ముందు బ్యాంకుని తిట్టం, తేడాకి కారణం రాస్తాం. వెతికితే తేలింది. వాతావరణ శాఖవారు ప్రకటించేది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకి తగ్గవలసింది దాదాపు 60. రెండు పుస్తకాలూ సరిపోయాయి! ఆ తర్వాత మావాడు డబ్బా పట్టుకుని మూడో అంతస్తుకి పరిగెత్తాడు. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గింది. మళ్ళీ కిందికి వస్తే పెరిగింది. పదిసార్లు ఎక్కి దిగాడు, పదిసార్లూ అంతే.

దూరం సెన్సరు ఇంకో పాఠం చెప్పింది. అది మన చెవికి వినపడని శబ్దాన్ని గోడకేసి కొట్టి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కవేస్తుంది. ప్రోగ్రాములో శబ్దవేగం సెకనుకి 343 మీటర్లని రాసుకున్నాం. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెల మధ్యాహ్నం మా గదిలో 38 డిగ్రీలు. ఆ వేడిలో శబ్దం 354 మీటర్ల వేగంతో పోతుంది. అందుకని టేపుతో సరిగ్గా మూడు మీటర్లున్న గోడని డబ్బా పది సెంటీమీటర్లు దగ్గరగా చూపింది. ఉష్ణోగ్రత అంకెని దూరం లెక్కలో కలిపాక తేడా పోయింది. అంటే ఒక సెన్సరు చెప్పిన మాటను ఇంకో సెన్సరు సరిదిద్దుతుందన్నమాట. ఇన్నిటిని ఒకే పెట్టెలో పెట్టడంలో అసలు ప్రయోజనం ఇదేనని నాకప్పుడు తెలిసింది.

పరారుణ సెన్సరుతో మరుగుతున్న నీళ్ళున్న తళతళలాడే స్టీలు గిన్నె బయటివైపు చూస్తే చల్లగా ఉందంటుంది. మెరిసే లోహం తన వేడిని సరిగా వెదజల్లదు, చుట్టుపక్కల వాటి వేడినే అద్దంలా తిప్పి పంపుతుంది. అదే గిన్నెకి మసి పూస్తే సరైన జవాబు వస్తుంది. మావాడు నోటుబుక్కులో ఒక పేజీకి "మన డబ్బాకి తెలియనివి" అని పేరు పెట్టి ఇవన్నీ రాశాడు. ఆ పేజీ మిగతా పేజీలన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు దొంగ వారసుల దగ్గరికి వద్దాం.

1990లలో అమెరికాలో క్వాడ్రో ట్రాకర్ అనే పరికరం బయల్దేరింది. ప్లాస్టిక్ పిడి, దానికి అటూఇటూ ఊగే ఒక యాంటెన్నా. మాదకద్రవ్యాలు, ఆయుధాలు, తప్పిపోయిన మనుషులు – దేన్నయినా కనిపెడుతుందని బడులకీ పోలీసులకీ అమ్మారు. కొన్నిటి ధర 8,000 డాలర్ల దాకా పోయింది. ఎఫ్.బి.ఐ. వారు ఎక్స్‌రే తీస్తే లోపల పనిచేసే భాగమే లేదు. 1996లో కోర్టు దాని అమ్మకాన్ని నిషేధించింది. పాము చచ్చిందనుకున్నారు గానీ కుబుసం విడిచింది, అంతే. మోల్ అనే పేరుతో దాదాపు అదే వస్తువు మళ్ళీ వచ్చింది. అమెరికా ప్రభుత్వానికి చెందిన శాండియా ప్రయోగశాల 2002లో దాన్ని పరీక్షించి, గుడ్డిగా ఊహించడం కన్నా ఇది మెరుగు కాదని తేల్చింది. ఐనా ఆ జాతి బ్రిటన్‌లో జీటీ 200, ఏడీఈ 651 అనే పేర్లతో ఇంకా పెద్దదై లేచింది.

ఏడీఈ 651 అమ్మినవాడు జేమ్స్ మెక్‌కార్మిక్, ఒకప్పటి పోలీసు. గోల్ఫ్ బంతులు వెతికే యంత్రమంటూ అమెరికాలో 20 డాలర్ల లోపు ధరకి అమ్మే ఆటవస్తువు ఆయన వ్యాపారానికి మూలం. బ్యాటరీ కూడా ఉండదు. పట్టుకున్నవాడు నడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తే చాలట! బాంబులకొక కార్డు, ఏనుగు దంతాలకొక కార్డు పెట్టాలట. ఇరాక్ ప్రభుత్వం వీటికోసం ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. కొన్నిటికి ఒక్కోదానికి 60,000 డాలర్ల దాకా చెల్లించింది. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు ఈ పిడి పట్టుకుని బళ్ళ పక్కన నడిచేవారు. 2009 ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు నెలల్లో బాంబు వాహనాలు నగరం నడిబొడ్డుకి వచ్చి పేలాయి. ఆ మూడు దాడుల్లో 350 మందికి పైగా చనిపోయారు.

అమెరికా హేతువాది, ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ 2008లోనే సవాలు విసిరాడు. ఇది పనిచేస్తుందని నిరూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. 1963లో శ్రీలంకలో అబ్రహాం కోవూరు లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు బాబాలేం చేశారో మెక్‌కార్మిక్ కూడా అదే చేశాడు. చేతిలో బాంబులు పట్టే యంత్రం ఉన్నవాడికి పది లక్షల డాలర్లు చేదా? 2010 జనవరిలో బీబీసీ వారు ఆ కార్డుని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో విప్పించారు. దుకాణాల్లో బట్టలు దొంగిలించకుండా తగిలించే చవక బిళ్ళ తప్ప లోపల ఏమీ లేదు. ఆ నెలలోనే బ్రిటన్ ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లకు దాని ఎగుమతిని నిషేధించింది. 2013 మేలో మెక్‌కార్మిక్‌కి పదేళ్ళ శిక్ష పడింది. అదే ఏడాది ఆగస్టులో జీటీ 200 అమ్మిన గ్యారీ బోల్టన్‌కి ఏడేళ్ళు.

జీటీ 200ని థాయ్‌లాండ్ సైన్యం కూడా కొన్నది. 2010 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం పరీక్ష పెడితే ఇరవైసార్లలో నాలుగుసార్లే పేలుడు పదార్థాన్ని పట్టింది. ఇరాక్‌లో మాత్రం అమ్మినవాడు జైల్లో ఉండగా కూడా ఆ పిడులు చెక్‌పోస్టుల్లోనే ఉన్నాయి. 2016 జులై 3న బాగ్దాద్ కర్రాదా బజారులో బాంబు పేలి 300 మందికి పైగా చనిపోయాక గానీ ప్రధాని అల్ అబాదీ వాటిని తీసెయ్యమని ఆదేశించలేదు. అంతటితోనైనా ఆగిందా? 2020 ఏప్రిల్‌లో ఇరాన్ విప్లవ సైన్యం కరోనాని వంద మీటర్ల దూరం నుంచి పట్టే పరికరమంటూ ఒకటి చూపించింది. మళ్ళీ అదే పిడి, అదే యాంటెన్నా!

మరి ఆ యాంటెన్నా నిజంగానే తిరుగుతుంది కదా అంటారు. తిరుగుతుంది. తిప్పేది మన చెయ్యే, మనకు తెలియకుండా. 1853లో మైకేల్ ఫారడే దీన్ని తేల్చేశాడు. అప్పుడు ఇంగ్లండులో బల్లల పిచ్చి పట్టుకుంది. నలుగురు చుట్టూ కూర్చుని చేతులానిస్తే ఆత్మలొచ్చి బల్లని తిప్పుతాయనేవారు. ఫారడే చేతులకీ బల్లకీ మధ్య అట్టపొరలు పెట్టి ఒక సూచిక తయారుచేశాడు. బల్ల ముందు కదిలితే ఒకవైపు, చేయి ముందు కదిలితే ఇంకోవైపు చూపుతుంది. చేతులే ముందు కదిలాయి. ఆ సూచికని కూర్చున్నవాళ్ళకి కనపడేలా పెట్టగానే బల్ల తిరగడమే మానేసింది. వాళ్ళెవరూ దొంగలు కారు. చూడడం మొదలుపెట్టగానే వాళ్ళ చెయ్యి మర్యాదగా నిలబడింది.

ఇంతవరకూ ఎదుటివాళ్ళ కథ. ఇప్పుడు నా కథ ఒప్పుకోవాలి. రక్షణ లెక్కల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. బిల్లు వస్తే మంజూరు ఉత్తర్వు ఉందా, టెండర్ నియమాలు పాటించారా, వస్తువు అందినట్టు రసీదు ఓచరు ఉందా, లెడ్జర్‌లో ఎక్కిందా, కూడికలు సరిపోయాయా – ఇవీ నేను చూసినవి. పైసా తేడా వస్తే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి. పేరు కూడా తెచ్చుకున్నాను. ఏడీఈ 651 బిల్లు నా బల్ల మీదికి వచ్చి ఉంటే? కాగితాలన్నీ సరిగా ఉండి ఉంటే? పాస్ చేసేవాణ్ణి. అనుమానం లేదు. "ఇది పనిచేస్తుందా, ఎవరు చూశారు" అని అడిగే గడి నా ఫారంలో లేదు. అది సాంకేతిక నిపుణుల పని అని నేననుకున్నాను. సంతకం పెట్టిన అధికారి అనుకుంటాడు, నిపుణులు చూసే ఉంటారని. చెక్‌పోస్టులో నిలబడ్డ సిపాయి అనుకుంటాడు, పైవాళ్ళు చూసే ఉంటారని. మధ్యలో బాంబు బండి దాటిపోతుంది. బాగ్దాద్ గురించి చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అందుకే మా తోడల్లుడి పొలానికి వెళ్ళినప్పుడు ఈసారి ఊరుకోదలచుకోలేదు. అప్పటికే ఆ యంత్రం చూపించినచోట రెండు బోర్లు వేశాడు. రెండూ ఎండు. బంగారం బ్యాంకులో ఉంది. మూడో బోరుకి వడ్డీకి డబ్బు మాట్లాడుకుని ఉన్నాడు. కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకునేవాళ్ళని వాడు నమ్మడు. "ఇది జర్మనీ మిషను అన్నా" అన్నాడు.

నేను యంత్రం ఆయనతో గొడవపడలేదు. మూతలున్న పది ప్లాస్టిక్ బకెట్లు తెప్పించాను. "బకెట్లో నీళ్ళుంటే మీ మిషను చూపిస్తుందా?" అని అడిగాను. చూపిస్తుందన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించాను. మొదట మూతలు తీసి, ఒకదాంట్లో నీళ్ళు పోసి చూపించాం. పదిసార్లకి పదిసార్లూ కడ్డీ అటే తిరిగింది. ఆయన మొహం వెలిగింది. తర్వాత మూతలు పెట్టాం. ఏ బకెట్లో పోయాలో మనవడు చీటీ తీసి, పోసి, మోటారు గది వెనక్కి వెళ్ళిపోయేవాడు. నాక్కూడా తెలియదు. పదిసార్లలో ఒకసారి సరిపోయింది. కళ్ళు మూసుకుని చెప్పినా పదికి ఒకటి సరిపోతుంది.

ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన మోసగాడు కాదని నాకప్పుడే అర్థమైంది. ఆ లక్షన్నర ఆయన అప్పుచేసి కట్టాడు. కాసేపటికి, "ఇవి పారే నీళ్ళు కాదు కదా సార్" అన్నాడు, గొంతులో బలం లేకుండా. రాసిచ్చిన కాగితం నేను తీయలేదు.

మా తోడల్లుడు మాత్రం నన్ను వదల్లేదు. "అన్నా, నువ్వు చెప్పిందంతా నిజమే. మరి యాడ తవ్వల్నో నువ్వు చెప్పు" అన్నాడు. మనవడు తన టిఫిను డబ్బా వైపు చూశాడు. నేనూ చూశాను. దానికి తెలియదు. నాకూ తెలియదు. అదే చెప్పాను. హేతువాది దగ్గర ఆ జవాబు వినడం ఎవరికీ ఇష్టం ఉండదు. కడ్డీ పట్టుకున్నవాడు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక చోటు చూపిస్తాడు.

మూడో బోరు ఆపాడు. భూగర్భ జల శాఖ ఇంజినీరుని పిలిపించాం. ఆయన నేలలో కడ్డీలు పాతి, కరెంటు పంపి, ఏ లోతులో నేల ఎంత అడ్డుకుంటోందో కొలిచి, గీత గీశాడు. "ఇక్కడ అవకాశం తక్కువ. తప్పదంటే ఫలానా మూల చూడండి, గ్యారంటీ ఇవ్వలేను. ముందు వానకి ఒక కుంట తవ్వుకోండి" అన్నాడు. గ్యారంటీ ఇవ్వలేనన్నందుకు మా తోడల్లుడికి ఆయన మీద కోపం వచ్చింది. నాకు నమ్మకం కుదిరింది. వాడు కుంట తవ్వాడు. నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయో వానల మీద ఉంది.

మిత్రులకి నా మనవి ఒక్కటే. ఇంటికి వాస్తు స్కానర్ వచ్చినా, ఊళ్ళోకి నీళ్ళ మిషను వచ్చినా, ఆఫీసుకి యంత్రం కొనే ఫైలు వచ్చినా రెండు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు పరీక్షించారు? పరీక్షించేటప్పుడు వాళ్ళకి జవాబు ముందే తెలుసా? ఈ రెండు గడులూ నా ఫారంలో లేవు. మీరు బిల్లు పాస్ చేసేచోట ఉంటే, అచ్చులో లేకపోయినా ఫరవాలేదు, పెన్నుతో గీసుకోండి.